సర్క్యులర్‌కు సత్తెమ్మ జవాబు

ఈ రోజు బాలానగర్‌లోని మా బడికి ఇన్‌స్పెక్టరు గారు జీపులో వచ్చారు. మందబుద్ధి పిల్లలను గుర్తించి, వేసవి సెలవులయ్యాక వేరే బడికి పంపాలని సర్క్యులర్ వచ్చిందట. గుర్తించే పద్ధతేమో వాచకం తెరిచి చదివించడం! నా నాలుగో తరగతిలోని సత్తెమ్మ మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. ఆయన వెంటనే పెన్ను మూత తీశారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల ఒక్కసారి వింటే పాఠమంతా అప్పజెప్పేస్తుంది.

"ఆగండి సార్. తనెప్పుడూ వినని ముక్క ఏదైనా మీరే చదివి వినిపించండి," అన్నాను.

ఆయన నవ్వి, చేతిలో ఉన్న సర్క్యులర్‌నే చదివారు. "మందబుద్ధి పిల్లలనగా చెప్పినది గ్రహించలేనివారు, విన్నది జ్ఞాపకముంచుకోలేనివారు."

సత్తెమ్మ పొల్లుపోకుండా అదే అప్పజెప్పింది. అంతటితో ఊరుకుందా?

"గట్లయితే నేను గాదు గద సార్! ఇన్నది నాకు యాదుంటది, సమజైతది. సదవబోతెనే అక్షరాలు ఒక్కతీరుగ కనవడవు."

ఇన్‌స్పెక్టరు గారు సర్క్యులర్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. ఇలాంటి పిల్లకు అందులో పేరే లేదు.

"మరి ఈ పిల్లను ఏమని రాయమంటారండీ?"

"ముందు ఐదో తరగతికి పాసని రాయండి. చదవడం ఎలా నేర్పాలో నేను చూసుకుంటాను."

రాశారు! జీపు గేటు దాటగానే తరగతంతా చప్పట్లు కొట్టింది, నాతో సహా.

మీ బడిలోనూ సత్తెమ్మలాంటి పిల్లలున్నారా? ఉంటే చెప్పండి. ఈసారి సర్క్యులర్‌ను ముందు వాళ్ళకే చదివి వినిపిద్దాం.