మహాలక్ష్మికి మంచినీళ్ళు

తిరువూరులో మోటార్లు, పైపుల కొట్టు నడిపే శేషగిరిరావుకి నీళ్ళ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని పేరు. బోరు ఎంత లోతు వేయాలో, ఏ మోటారు ఎంత ఎత్తుకు తోస్తుందో అడగడానికి పెనుగొలను నుంచి కూడా రైతులు వచ్చేవారు. అలాంటివాడు తన ఇంటి బోరు నీళ్ళు మాత్రం ఏనాడూ పరీక్ష చేయించలేదు.

భార్య మహాలక్ష్మి పాదాలు వాచిపోతే విజయవాడ తీసుకెళ్ళాడు. కిడ్నీలు సగానికి పైగా పాడయ్యాయన్నారు. చాలాకాలంగా ఉన్న షుగరే కారణం కావచ్చనీ, నీళ్ళ వల్లేనని చెప్పలేమనీ డాక్టరు అన్నా అతని మనసు ఒప్పుకోలేదు. ఇంటి నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకిచ్చాడు. ఫ్లోరైడ్ ఉండాల్సినదానికంటే ఎక్కువని తేలింది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

బజార్లో దొరికే నీళ్ళు శుద్ధిచేసే మిషను పెట్టించుకోవచ్చు కదా అన్నారు తెలిసినవాళ్ళు. కరెంటు పోతే అది ఆగిపోతుందనీ, పట్టేవాటికంటే పారబోసే నీళ్ళే ఎక్కువనీ ఏవో చెప్పాడు. అసలు సంగతి, తన చేత్తో చేస్తే తప్ప అతనికి మనశ్శాంతి లేదు. వంటింటి వెనక వసారాలో ఇనప స్టాండు వేయించి, ఒకదాని కింద ఒకటి స్టీలు డబ్బాలు అమర్చాడు. పైదాంట్లో కంకర, ఇసుక. దాని కింద కొబ్బరిచిప్పల బొగ్గు. ఆ కింద ఫ్లోరైడ్‌ను పట్టుకునే తెల్లటి గుళికలు. అన్నిటికన్నా అడుగున సన్న మలినాల్ని ఆపే ఫిల్టరు క్యాండిల్.

మొదటిసారి నీళ్ళు నల్లగా దిగాయి. బొగ్గు కడిగి కడిగి మళ్ళీ నింపాడు. రంగు తేరుకుంది గానీ ఫ్లోరైడ్ తగ్గలేదు. నీళ్ళు జోరుగా దిగిపోతే గుళికలకు పట్టుకునే వ్యవధి ఉండదని ఆలస్యంగా అర్థమైంది. వాల్వు బిగించి సన్నటి ధారకు తెచ్చాడు, గుళికల డబ్బా పొడుగు పెంచాడు. మహాలక్ష్మి గుమ్మంలో పీట వేసుకుని చూస్తూ, కొట్టెవరు చూస్తారని గొణిగేది. మళ్ళీ తనే ఇసుక కడిగి ఇచ్చేది.

చివరికి నీళ్ళు బాగున్నాయని ల్యాబువాళ్ళు చెప్పారు. ఈలోగా ఆమె కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేశాయి. డయాలసిస్ మొదలుపెట్టిన తొలిరోజు, శేషగిరిరావు ఇంటినుంచి మోసుకొచ్చిన పెద్ద సీసా చూసి నర్సు గ్లోరి అతన్ని పక్కకు పిలిచింది.

"అంకుల్, ఎంత మంచి నీళ్ళయినా ఆంటీకి ఇక కొలతేనండి. ఎక్కువైతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు."

అతను ఆ సీసాను మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు.

ఎండలు ముదిరాయి. దాహానికి తాళలేక ఆమె ఆ నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేది. అన్ని నెలల కష్టం అలా మోరీలోకి పోతుంటే మొదట్లో చూడలేక బయటికి వెళ్ళిపోయేవాడు. తర్వాత్తర్వాత తనే గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఆ నీళ్ళనే ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, చిన్న ముక్కలు చేసి ఆమె నాలుక మీద పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఐసుముక్క చప్పరిస్తూ అంది. "తియ్యగా ఉన్నాయండీ. కడుపునిండా తాగాలనిపిస్తోంది."

"లక్ష్మీ, డాక్టరు గారు..."

"తెలుసులెండి, అడగట్లేదు. మా ప్రమీల వాళ్ళకి ఇలాంటి ఫిల్టరు ఒకటి చేసిపెట్టండి. వాళ్ళన్నా తాగుతారు."

ప్రమీలారాణి ఆమె చెల్లెలు, వినగడపలో ఉంటుంది. సరేనన్నాడు. ఇంకా సామాను కొనకముందే, మామిడికాయల లారీలు తిరిగే రోజుల్లో, మహాలక్ష్మి ఆస్పత్రిలోనే పోయింది.

పెద్దకర్మ అయ్యాక, కొత్తది చేసే ఓపిక లేక, ఇంట్లో ఉన్నదాన్నే విప్పి ఆటోలో వినగడప తీసుకెళ్ళాడు. డబ్బాలు వరసగా నిలబెట్టి, వాల్వు సరిచేసి, గుళికలు ఎప్పుడు మార్చాలో మరదలికి చెప్పాడు. చెంబు నిండటానికి చాలాసేపు పట్టింది. ఆమె గ్లాసు నిండా పోసి ముందు అతనికే అందించింది. పెదవుల దాకా తీసుకెళ్ళి దించేశాడు.

"ముందు నువ్వు తాగమ్మా," అని తిరిగి ఇచ్చేశాడు.

ఆమె నిలబడే గ్లాసంతా తాగింది. ఇంకొంచెం పోసుకోమన్నాడు.