చేపు అనే మాట

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్న ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. వాకిట్లో మాకొక బర్రె ఉండేది. పొద్దున పాలు పిండే ముందు మా నాయనమ్మ దాని దుడ్డెను విడిచేది. దుడ్డె నాలుగు గుటకలు తాగేసరికి బర్రె పొదుగు నిండి బిగిసేది. "చేపింది. ఇగ దుడ్డెను గుంజు" అనేది నాయనమ్మ నాతో. చేపు అంటే నాకు అంతవరకే తెలుసు. అది పశువుల మాట అనుకునేదాన్ని.

పక్కింటి అక్కకు ఆ ఏడు తొలికాన్పు అయింది. నెల తిరక్కముందే జ్వరంతో బిడ్డ పోయింది. అక్క ఏడవలేదు. అదే అందరినీ భయపెట్టింది. గోడకు ఆనుకుని కూర్చునేది, పిలిస్తే తలెత్తేది కాదు, కంచం ముందు పెట్టినా చూసేది కాదు. పాలు ఆగిపోవాలని మా అమ్మ మొజాంజాహీ మార్కెట్ నుంచి మల్లెపూలు తెప్పించి ఆమె ఎదకు కట్టేది. బిడ్డ పోయిన ఇంట్లో ఆ పూల వాసన నాకు మింగుడుపడేది కాదు. అక్క అత్తగారంటే కూడా నాకు భయమే. మడి, ఆచారం గట్టిగా పట్టే మనిషి. ఆవిడ గడప దాటాలంటే మేము కాళ్లు కడుక్కుని వెళ్లేవాళ్లం.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ఒకాయన ఎండకు ఓర్వలేక మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన చేతుల్లో పాత చీరముక్కలో చుట్టిన పసిగుడ్డు. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పిల్లికూన గొంతులా అయిపోయింది. నాయనమ్మ చెంబుతో నీళ్లు తీసుకెళ్లింది.

"దీని తల్లేది నాయనా?"

"దవాఖానల పాణం పోయిందమ్మా. నిన్ననే మట్టి చేసిన. సాయంత్రం బండికి మెదక్ దిక్కు పోవాలె. బర్రెపాలు తాపితే కక్కింది."

నాయనమ్మ చక్కెర నీళ్లలో దూది ముంచి బిడ్డ పెదాల మీద పెట్టింది. అది చప్పరించలేదు. ఏడుపు మెల్లగా సన్నబడింది. "ఇది సాయంత్రం దాంక ఆగదు" అని నాయనమ్మ అమ్మతో గుసగుసగా అనడం నాకు వినబడింది. మనుషులు కళ్లముందే అలా పోతారని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. అక్క బయటికి వచ్చింది. ఆమె రవిక ముందంతా తడిసిపోయి ఉంది. తడి చీర మీదుగా నడుము దాకా దిగుతోంది. ఆమెకు ఏదో అయిందని నేను కేక పెట్టాను. అక్క నన్ను చూడలేదు, ఎవరినీ చూడలేదు. చేతులు చాచి బిడ్డను తీసుకుని అరుగు మీదే కూలబడింది. రవిక ముడి విప్పగానే వాడిన మల్లెలు ఒళ్లోకి రాలాయి. బిడ్డ నోరు పెట్టింది. ఏడుపు తెగిపోయింది.

దారిన పోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఆయన గబుక్కున లేచి గోడవైపు తిరిగాడు. "అమ్మా, మేం కిరస్తానపోల్లం. మీకు పట్టింపు ఉంటదేమో" అన్నాడు.

అంతలో అత్తగారు గడపలోకి వచ్చింది. చూసింది. చెయ్యెత్తింది. కొడుతుందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ తన కొంగు కోడలి భుజాల చుట్టూ కప్పుతోంది. "ఏం జూస్తున్రు? పోన్రి!" అని జనం మీద అరిచింది. ఆయనతో మాత్రం మెల్లగా, "కూసో నాయనా. దాని కడుపు నిండనియ్యి. ఈ బండి పోతే ఇంకోటొస్తది" అంది.

నేను నాయనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని అక్కకు ఏమైందని అడిగాను.

"ఏం గాలే బిడ్డా. చేపింది. పసిదాని ఏడుపు ఇన్నది గద."

"అది అక్క బిడ్డ కాదు కదా!"

"ఔ, కాదు. బర్రె అయితే తన దుడ్డెకే చేపుతది. మనిషి గట్ల కాదు."

ఆయన ఆ రోజు బండి ఎక్కలేదు. స్టేషన్ ఎదుటి సరాయి సత్రంలో దిగి, కబురందుకుని ఆయన చెల్లెలు వచ్చేదాకా బిడ్డను అక్క దగ్గరకు తెస్తూ పోయాడు. బిడ్డకు నీళ్లు పోయడానికి అత్తగారే నీళ్లు కాచేది. ఆ చెల్లెలు చంటిపిల్ల తల్లే. ఆమె బిడ్డను ఎత్తుకుని వెళ్లిన మధ్యాహ్నం అక్క సందు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, గడప మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చింది. పోయిన తన బిడ్డను పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. అత్తగారు పక్కనే చతికిలబడి తనూ ఏడ్చింది. ఆ సాయంత్రం అక్క ఆకలిగా ఉందని అడిగి మరీ అన్నం తింది.

వాత్సల్యం అనే మాట తర్వాత బడిలో నేర్చుకున్నాను. బిడ్డల మీద తల్లికి ఉండే ప్రేమ అని అర్థం రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నా కళ్లముందుకు వచ్చేది ఆ తడిసిన రవికే. నా ఒంట్లో పాలు ఇంకిపోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఇప్పటికీ ఎక్కడైనా పసిబిడ్డ ఆకలి ఏడుపు వినబడితే నా గుండెలు బిగుస్తాయి, కూర్చున్నచోట కూర్చోలేను. ముందు లేచి వెళతాను. ఎవరి బిడ్డ అన్నది తర్వాత అడుగుతాను.