మావయ్య వంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుని అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. మా నాన్నగారు బందరులో లెక్కల మాస్టారు. ఇంట్లో ఎవరైనా దిష్టి అన్నా, గాలి సోకిందన్నా "రుజువేదీ?" అనేవారు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పొకటి ఉంది. మిగతాదంతా ఎలా ఉన్నా, ఆ తప్పు మాత్రం నిజం.

తొంభైల నాటి సంగతి. గుడివాడలో ఒక డీటీపీ సెంటరు మూసేస్తుంటే నాన్నగారు అక్కడి పాత కంప్యూటరు నాకోసం కొన్నారు. అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసి కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. అందులో ఎవరో వేసి వదిలేసిన ఆట ఒకటి ఉంది. ఇద్దరు రాజులు, నదులు, దీవులు. ఊళ్లు కట్టాలి, పంట పండించాలి, సైన్యాన్ని నిలపాలి, చివరికి అవతలి రాజు రాజధాని పట్టుకోవాలి. ఆ బొమ్మలు ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. సైనికుడంటే నాలుగు చుక్కలు, ఊరంటే మూడు గడులు. ఆ మూడు గడుల ఊరు చేజారితే మాకు అన్నం సయించేది కాదు.

మాకు అంటే నాకూ, మా చిన్న మావయ్యకూ. మావయ్య అమ్మకు ఆఖరి తమ్ముడు. అవనిగడ్డలో ఉండేవాడు, కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. "ఏమ్మా రాణీగారూ, మీ రాజ్యం ఇంకా ఉందా, పోయిందా?" అంటూ గుమ్మంలో చెప్పులు విడిచేవాడు.

ఒకటే కంప్యూటరు కాబట్టి వంతులు వేసుకునేవాళ్లం. నా వంతు ముగిస్తే అప్పటిదాకా ఆడినదంతా ఆట తనంతట తానే దాచుకుని, తెర నల్లగా మారి, మావయ్య రహస్య పదం అడిగేది. అది కొడితేనే అతని రాజ్యం తెరుచుకునేది. మళ్లీ నా వంతుకు నా పదం. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు గోడవైపు తిరిగి కూర్చోవాలి. అతని పదం నాకు తెలియదు, నాది అతనికి తెలియదు. ఆ విషయంలో ఇద్దరం నిప్పులాంటివాళ్లం.

ధాన్యం పంచేటప్పుడు ఎవరైనా ముందు రాజధానికి ఇస్తారు, ఆట కూడా అలాగే ఆడమంటుంది. మావయ్య మాత్రం అన్నిటికన్నా దూరాన ఉన్న దీవిలోని ఊరి గాదె నింపి, అక్కణ్ణుంచి ఒక్కొక్క ఊరే చూసుకుంటూ వెనక్కి వచ్చేవాడు. రాజధాని దగ్గరికి వచ్చేసరికి గింజ మిగిలేది కాదు. సైనికులు పస్తులు. అందుకే ఎప్పుడూ ఓడిపోయేవాడు.

"ఇది మీ దివిసీమ కాలువ కాదు మావయ్యా" అని ఏడిపించేదాన్ని.

"నీళ్లయితే ఏంటి, గింజలైతే ఏంటమ్మా. ఎగువనున్నోడు ఎట్టాగైనా తీసుకుంటాడు. చివరోడికి ముందియ్యకపోతే ఆడికి మిగిలేది బురదే" అనేవాడు.

ఉద్యోగంలోనూ అంతే. నీటి ఎద్దడి వచ్చిన ఒక ఏడు ఎగువ తూములు మూయించి ముందు చివరి పొలాలకు నీళ్లు వదిలాడని, ఎగువ రైతులు కర్రలు పట్టుకుని ఇంటిమీదికి వచ్చారట. అలాంటి మనిషికి ఆటలో మాత్రం నామీద జాలి ఉండేది కాదు. నా ఊరు కాపలా లేకుండా కనబడితే చాలు, పట్టేసుకునేవాడు. అలిగితే "ఆటలో మేనకోడలేంటే!" అని నవ్వేవాడు.

తర్వాత నాకు గుడివాడలో కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే పాసింజరు బండిలో వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. అక్కడివాళ్లు కొత్త ఆటలు ఇచ్చారు. అన్నీ రంగులు, చప్పుళ్లు. మా పాత ఆట విసుగనిపించింది. మావయ్య ఒక్కో వంతుకు పావుగంట ఆలోచిస్తాడు. దొరికే ఒక్క ఆదివారమూ దానికే పోతోందని లోపల్లోపల సణుక్కునేదాన్ని.

ఒకసారి "ఈ ఆదివారం వస్తున్నానమ్మా" అని ఫోన్ చేస్తే, కంప్యూటరు పాడైందనీ, రిపేరుకు గుడివాడ పంపామనీ చెప్పాను. పచ్చి అబద్ధం. తర్వాతి వారం అడిగితే మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అతనే, "బాగయ్యాక కబురు చెయ్యమ్మా, తొందరేం లేదు" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. ఎందుకని నేను అడగలేదు.

పచ్చకామెర్లు. పసరు మందు తాగించారు, తగ్గిందన్నారు, తిరగబెట్టింది. బెజవాడ తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది. నలభై రెండేళ్లకు పోయాడు. అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. నేను ఆడిన అబద్ధం సంగతి ఎవరికీ చెప్పలేదు.

పెద్దకర్మ అయి ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం పాత ఆట తెరిచాను. నా వంతు దగ్గర ఆగి ఉంది. మావయ్య దళం అప్పటికే నది దాటి నా రాజధానికి ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉంది. నా సైన్యాన్నంతా ఊరి బయటికి పంపేశాను. అతను గెలిస్తే చాలనిపించింది. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. వంతు ముగించాను. తెర నల్లబడి అతని రహస్య పదం అడిగింది.

అత్తయ్య పేరు కొట్టాను. ఊళ్ల పేర్లు, కాలువల పేర్లు, అతను మొక్కే దేవుళ్ల పేర్లు అన్నీ కొట్టాను. ఏదీ కాదు. వేళ్లు నొప్పి పుట్టేదాకా కొట్టి, కంప్యూటరు ఆపేసి దుప్పటి కప్పాను.

ఆ తర్వాత నేను దాని జోలికి పోలేదు. అమ్మకు షాకు కొడుతుందని భయం, నాన్నగారికి స్విచ్చి ఎక్కడుందో కూడా తెలియదు. కంప్యూటరున్న గదికి తాళం వేసేవాళ్లం కాదన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఎవరైనా వచ్చారనే అనుకున్నా, ఆ పదం తెలిసినవాళ్లు భూమ్మీద లేరు.

ఎనిమిది నెలలు గడిచాయి. కొత్త కంప్యూటరు కొనుక్కుని, పాతదాంట్లో ఉన్నవన్నీ తుడిచేసి, దాన్ని ఒక స్కూలుకు ఇచ్చేద్దామనుకున్నాను. ఆదివారం, పట్టపగలు. వంటింట్లో అమ్మ గారెలకు పప్పు రుబ్బుతోంది. తుడిచే ముందు ఒక్కసారి చూద్దామని ఆట తెరిచాను.

తెర నా రహస్య పదం అడిగింది.

పొరపాటు పడ్డాననుకుని, మూసి మళ్లీ తెరిచాను. నా పదమే. కొట్టాను. నా రాజ్యం తెరుచుకుంది. పైన ఆట లెక్కలో ఒక సంవత్సరం పెరిగి ఉంది. ఇద్దరి వంతులూ పూర్తయితేనే ఆ అంకె మారుతుంది. ఆ ఆటలో అవతలి రాజు గాదెలు కూడా చూడొచ్చు, చూశాను. మావయ్య దీవిలోని చివరి ఊళ్లో గాదె నిండుగా ఉంది. దాని ఇవతలి ఊళ్లో కాస్త తక్కువ. అతని రాజధానిలో సున్నా.

నా రాజధాని మాత్రం నాకే ఉంది. ఒక్క అడుగు వేస్తే ఆట గెలిచే మనిషి, ఆ అడుగు వెయ్యలేదు. దళాన్ని నది అవతలికి వెనక్కి తీసుకెళ్లిపోయాడు. ఆడినన్నాళ్లలో అతను అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. అమ్మ రుబ్బురోలు దగ్గర్నుంచి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

అది ఏ రోజున దాచిన ఆటో చూశాను. ఆ కంప్యూటర్లో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తెరిచిన ప్రతిసారీ 1980 జనవరి ఒకటి అనే చూపిస్తుంది. ఫైలు మీదా అదే ఉంది, అది దేనికీ రుజువు కాదు. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన్ను ఇంటికి పిలిచి చూపించాను. పాత ప్రోగ్రాములు చెడిపోతే ఒక్కోసారి వంతు దాటేస్తాయన్నారు. కావచ్చు. మరి చివరి ఊరికి ముందు గింజలు పంపమని చెడిపోయిన ప్రోగ్రాముకు ఎవరు చెప్పారని అడిగాను. ఆయన టీ తాగి వెళ్లిపోయారు.

సంవత్సరీకానికి అవనిగడ్డ వెళ్లాను. భోజనాలయ్యాక అత్తయ్య పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని, ముందు నా అబద్ధం సంగతి చెప్పాను, తర్వాత ఆట సంగతి. ఆట గురించి ఆవిడకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. అబద్ధం మాట చెప్పినప్పుడు మాత్రం ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"మాకు తెలుసమ్మా" అంది. "రక్తపరీక్ష కోసం ఓ ఆదివారం బందరొచ్చాం. వచ్చినోళ్లం మిమ్మల్ని కూడా చూసి పోదామని మీ గేటు దాకా వచ్చాం. వీధి గది కిటికీ తీసే ఉంది. నువ్వు కంప్యూటరు ముందు కూచుని ఒక్కదానివే నవ్వుకుంటున్నావు. నేను గేటు తియ్యబోతే మీ మావయ్య చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'వద్దులే, పిల్ల సిగ్గుపడుద్ది' అన్నారు. ఎండలో బస్టాండు దాకా నడిచే పోయాం. దారిలో రెండుసార్లు అరుగుల మీద కూచున్నారు, ఓపిక లేక."

ఆవిడ చేతిలోని గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టాను. ఆవిడ వద్దనలేదు.

ఆ వంతు ఎవరు ఆడారో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్లకు తెలియదనే చెబుతాను. మా ఇంటికి వస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం, ఎంత పనిలో ఉన్నా, రమ్మనే అంటాను.