రెండు పేర్ల మీద ఒకే గడ్డ

ఆ రోజు చీరలు జాడించి ఆరేస్తుంటే ఎడమ చంకలో ఏదో ఒత్తుకున్నట్టయింది. చేయి పెట్టి చూస్తే రొమ్ము పక్కన చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమేందిలే అనుకున్నాను. నా తెలివి తగలెయ్య, నాలుగు నెలలు అట్లాగే ఊరుకున్నాను!

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊళ్లో రెండు పార్టీలు, రెండు వర్గాలు. ఎలక్షన్ గొడవలో మా ఆయన ఓబులేసు మీద కేసు పడింది. బెయిలు మీద బయటికొచ్చాక ప్రాణభయంతో ఊరు విడిచి ప్రొద్దుటూరులో అద్దెకు చేరాం. ఆయన గడప దాటితే తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. ఇంక నా గడ్డ సంగతి ఎవరికి చెప్పేది?

అది నిమ్మకాయంత అయ్యాక ఆసుపత్రికి పోయాం. ఫ్యాక్షన్ ఇళ్లలో ఒక అలవాటుంది. ఆసుపత్రి చీటీలో అసలు పేరు రాయించరు. మంచం మీదున్న మనిషీ, తోడున్న మనిషీ పగవాళ్లకు సులువుగా దొరికిపోతారని భయం. కౌంటరు దగ్గర పేరడిగితే మా ఆయన తడుముకోకుండా "సరోజ, మైదుకూరు" అన్నాడు. నా పేరు లక్ష్మీదేవి. బయాప్సీ సరోజకే అయింది, ఆపరేషనూ సరోజకే అయింది.

"క్యాన్సర్ చంకలోని రెండు లింఫ్ గ్రంథుల్లోకి పాకిందమ్మా. కుట్లు మానినాక కర్నూలు పో" అంది ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ.

కర్నూల్లో ఉచిత వైద్యానికి రేషన్ కార్డు చూపించాలి. అందులో లక్ష్మీదేవినే. అక్కడి క్యాన్సర్ డాక్టరు నిదానంగా చెప్పాడు. "క్యాన్సర్ కణం పైన ప్రొటీన్లుంటాయమ్మా. కొందరిలో హెర్-టూ అనే జీన్ అతిగా పనిచేసి, ఆ ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. అప్పుడు కణం తొందరగా పెరుగుతుంది. ఉన్నచోటు వదిలి ఊపిరితిత్తులకో, ఎముకలకో పోయే గుణమూ ఎక్కువవుతుంది. ఆ ప్రొటీన్‌నే పట్టుకుని అడ్డుకునే ఇంజెక్షన్ ఉంది. మీది ఆ రకమో కాదో తేలాలంటే మైనంలో దాచిన గడ్డ ముక్క, బ్లాక్ అంటాం, అది తెండి. ఈలోపు కీమో మొదలుపెడదాం."

బ్లాక్ ప్రొద్దుటూరు ల్యాబులో ఉంది. అక్కడి పెద్దాయన మా పాత చీటీ, కర్నూల్లో నా పేరున రాసిచ్చిన చీటీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది సరోజది. లక్ష్మీదేవికి ఎట్లిస్తామమ్మా? ఇద్దరూ ఒకరేనని మీ సర్పంచి చేత రాయించుకోని రాండి."

సర్పంచి అవతలి వర్గం మనిషి. మా ఆయన చొక్కా వేసుకున్నాడు. "నేను పోతాండా. పేరు మార్చింది నేనే గదా."

"నువ్వు పోయి రాకపోతే ఆ ఇంజెక్షన్ నాకెందుకు మామా? ఎవురికోసరం బతికేది?" అని ఏడ్చి కూర్చోబెట్టాను.

అట్లా నెల పోయింది. కీమోకు జుట్టు ఊడింది. దగ్గు వచ్చినా, నడుము పట్టేసినా, అది అక్కడికి చేరిందేమోనని వణికిపోయేదాన్ని. చివరికి ఆయనకు చెప్పకుండా గుండుకు కొంగు కప్పుకుని మా ఊరి బస్సెక్కాను.

సర్పంచి అరుగు మీదున్నాడు. "ఏమ్మే, ఇట్లయిపోయినావే!" అన్నాడు. అంతా చెప్పాను.

"ఆసుపత్రికొచ్చి పొడుస్తామనుకుంటిరా?"

"అనుకుంటిమి చిన్నాయనా." అబద్ధమాడే ఓపిక నాకు లేదు.

ఆయన అరుగు మీంచి లేచాడు. "అనుకునేటట్లే బతికినాం లే" అని కాగితం తెప్పించి, రాసి ముద్ర వేశాడు. "మజ్జిగ తాగి పో. ఎండ శానా ఉంది."

తాగాను. నిజం చెప్తున్నా, మొదటి గుక్క భయంతోనే తాగాను.

పరీక్షలో హెర్-టూ త్రీ ప్లస్ వచ్చింది, అంటే నాది ఆ రకమే. మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు ఇంజెక్షన్. మధ్యలో ఎకో స్కాన్ తీస్తే ఆ మందు వల్ల గుండె కాస్త బలహీనపడిందని కొన్ని వారాలు ఆపారు. ఆ వారాలు నరకం చూశాను. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశారు.

ఐదేళ్లయింది. జాకెట్లు కుడుతున్నాను. ఆరునెలలకోసారి చెకప్‌కు పోతున్నాను. మా ఆయన మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. ఆసుపత్రిలో మొదటి చీటీ మీదే కార్డులో ఉన్న పేరు రాయించండి, బ్లాక్ నంబరు రాసిపెట్టుకోండి. మేము పగవాళ్లకు భయపడి పేరు దాచాం. ఒంట్లో ఉన్నదానికి నా పేరుతో పనే లేదు. మందు ఇచ్చేవాళ్లకే ఆ పేరు కావలసింది.