బోటాటౌంగ్‌లో పేర్లు పోగొట్టుకున్న మూడు పినో నోవార్‌లు

షాన్ కొండల చల్లదనంలో పండే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్, పినో నోవార్‌ను మా విశాఖ హోటల్ మెనూలో పెట్టించాలని ఏడాదిగా మా యజమాని చెవిలో జోరీగలా పోరుతున్నాను. చివరికి ఆయన విసిగిపోయి, "న్యూజిలాండ్, టాస్మేనియా సీసాల పక్కన పెట్టి రుచి చూడు. నెగ్గితే ఆర్డరిస్తా. శనివారం సాయంత్రానికి పేరు చెప్పు" అన్నారు. అందుకే షాన్ వైన్ దొరికే యాంగోన్‌కు బయల్దేరాను.

శనివారం పొద్దున దిగి, టాక్సీవాడితో బేరమాడి పాతిక వేల చాట్‌లకు ఊళ్ళోకి వచ్చాను. దారిలో మూడు సీసాలూ కొని, బోటాటౌంగ్ పేటలో కిరాణా కొట్టు నడిపే లక్ష్మి పిన్ని ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పినో కొంచెం చల్లగా ఉంటేనే రుచి తెలుస్తుంది. సీసాలు పిన్ని చేతికిచ్చి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి నడుం వాల్చాను.

లేచి చూస్తే సీసాలు పెరట్లో నీళ్ళ డ్రమ్ములో ఉన్నాయి. లేబుళ్ళు మాత్రం పైన తేలుతున్నాయి.

"ఇదేంటి పిన్నీ?"

"ఫ్రిజ్జిలో దేవుడి పెసాదం ఉంది కదా నాయనా, మందు ఎలా ఎడతాను? సల్లగుంటాదని ఇందులో ఏసీసినాను. కాయితాలు పోతే ఏటి, లోపలిది పోలేదు కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడూ ఒకే ఆకారం సీసాలు, మూడింటికీ నల్లటి మరమూతలే. మళ్ళీ కొందామంటే ఆ షాపు అప్పటికే కట్టేశారు, నా విమానం తెల్లారే.

గత్యంతరం లేక మూడూ గ్లాసుల్లో పోశాను. ఒకటి దానిమ్మ పులుపు. ఒకటి ఉత్త వగరు. మూడోది నేరేడు వాసనతో, తడిసిన ఆకుల వాసనతో నాలుక మీద ఎంతసేపో నిలిచింది. బాబాయి అన్నింట్లోనూ ఐసు ముక్కలు వేసుకుని తాగుతూ అడిగాడు.

"ఇందులో మన షాన్‌ది ఏదిరా?"

మూడుసార్లు తిప్పి తిప్పి తాగాను. తెలియలేదు.

"బాగున్నదే మనదని సెప్పీ. ఎవుడు సూడొచ్చాడు?" అన్నాడు బాబాయి.

అబద్ధమాడడానికి నోరు రాలేదు. ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. యజమాని నవ్వి, న్యూజిలాండ్‌దే తెప్పిస్తానని ఫోన్ పెట్టేశారు.

మీరూ ఇలా పోల్చి చూడాలని వస్తే, కొన్న వెంటనే చెరగని మార్కర్‌తో గాజు మీదే పేరు రాసుకోండి, బస హోటల్లో పెట్టుకోండి. పిన్ని మీద కోపం విమానంలోనే పోయింది. నా మీద మాత్రం పోవడం లేదు. షాన్ వైన్‌ను కళ్ళు మూసుకుని గుర్తుపడతానని ఏడాది పాటు చెప్పాను. పరీక్ష తప్పింది నేను, మెనూలో చోటు పోయింది దానికి.