కోతలాయన కరెంటిచ్చిన రోజు

కరెంటాఫీసులో పాతికేళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే, బిల్లు కట్టని ఇళ్లకు కరెంటు తీసెయ్యడం. అందుకే వీధుల్లో అందరూ ఆయన్ని కోతలాయన అనేవారు. పాపం, గొప్పలు చెప్పుకోవడం ఆయనకు బొత్తిగా చేతకాదు. ఆయన కోసింది కరెంటే. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, అప్పటిదాకా గలగలమంటున్న ఇళ్లలో చడీచప్పుడూ ఉండేది కాదు.

మహమ్మారి వచ్చి జనం ఇళ్లలో చిక్కుకున్నాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరికీ కరెంటు తియ్యొద్దు, తీసేసిన ఇళ్లకు తిరిగి ఇవ్వండి అని. ఆ కాగితం చదివి ఆయన సంబరపడిపోయాడు. ఇన్నాళ్లకు జనం ఎదురొచ్చి పలకరిస్తారనుకున్నాడు. వెర్రి ఆశ!

జాబితాలో మొదటి ఇల్లు రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడది. పక్కన ఎవరో పెన్నుతో రాశారు: పిల్లకు పదకొండు గంటలకు ఆన్‌లైన్ పరీక్ష. నెగ్గితే పైచదువు ఫీజు లేకుండా సాగుతుంది. బడివాళ్లు తక్కువ ధరకు ఇంటర్నెట్ పెట్టె ఇప్పించారు గానీ, కరెంటు లేక అది మూడు వారాలుగా మూలన పడి ఉంది. ఆయన తలుపు తట్టేసరికి పదింపావు.

లోపల గుసగుసలు ఆగిపోయాయి.

"అమ్మా, కరెంటివ్వడానికొచ్చాను. తలుపు తియ్యండి."

"ఇంట్లో ఎవరూ లేరు," అంది ఆడపిల్ల గొంతు.

"మరి నువ్వెవరమ్మా?"

పిల్ల నాలిక కరుచుకున్నట్టుంది. ఈసారి తల్లి అందుకుంది. "కోతలు కొయ్యకు అన్నా! తీసేది తీసేశావు, ఇప్పుడు మీటరు కూడా పీక్కెళ్దామని వచ్చావు. పోయినసారీ 'ఊరికే చూసి వెళ్తాను' అనే కదా లోపలికొచ్చావు?"

ఆయన ముఖం చిన్నబోయింది. "అన్నానమ్మా. అబద్ధమే చెప్పాను. అలా అనకపోతే ఎవరూ తలుపు తియ్యరు."

ప్రతి ఇంట్లోనూ అదే మాట చెప్పి, తన మాటకున్న విలువంతా తనే పోగొట్టుకున్నాడు. సిగ్గేసింది. మీటరేమో తలుపు లోపలి గోడకుంది. టైము పదిన్నర దాటింది.

ఏం తోచక తలుపు పక్కనున్న కిటికీ దగ్గరికెళ్లి కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవరు, టెస్టరు ఒక్కొక్కటే ఊచల సందులోంచి లోపలికి పెట్టాడు. "ఇవిగో, ఉన్నవన్నీ మీ దగ్గరే పెట్టాను. వట్టి చేతుల్తో మీటరు పీకగలనా?"

తలుపు తెరుచుకుంది. ఆయన మాస్కు సర్దుకుని మీటరు ముందు నిలబడి జేబులు తడుముకున్నాడు. వట్టి చేతుల్తో వైర్లు కలపడం కూడా కుదరదని అప్పుడు తట్టింది.

పిల్ల ఫక్కున నవ్వి, సామాన్లన్నీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "త్వరగా బాబాయ్!"

పది నిమిషాల్లో ఫ్యాను కదిలింది. ఫోను ఛార్జరుకు తగిలించి, ఇంటర్నెట్ పెట్టె మీద పచ్చ దీపం నిలకడగా వెలిగేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. పదకొండుకు మొదటి ప్రశ్న తెర మీదికి వచ్చింది. తల్లి కళ్లొత్తుకుంది. ఆయనకూ కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

బయటికొచ్చి పక్కవాటా తలుపు తట్టాడు. అక్కడా అదే నిశ్శబ్దం. ఏం చెప్పి నమ్మించాలో ఆలోచిస్తుంటే, వెనకనుంచి కుట్టే ఆవిడ గొంతు వినిపించింది.

"తియ్యి వదినా! అన్న కరెంటివ్వడానికే వచ్చాడు. పూచీ నాది."

ఆయన కోసం ఒకరు పూచీ పడటం అదే మొదటిసారి. లోపల గడియ తీసిన చప్పుడైంది.