కాలువలు వదిలిన రోజు

మొన్న నరసాపురంలో, వేసవంతా తాళం పడి ఉన్న మా చెల్లెలి ఇంట్లో కుళాయి తిప్పాను. కాసేపు గాలి చప్పుడు చేసి గోధుమరంగు నీళ్లు వచ్చాయి. ఆ నాచు వాసన ముక్కుకు తగలగానే మూర్తిగారు గుర్తొచ్చారు. చెల్లెలు గిన్నె పట్టబోతే చెయ్యి పట్టుకు లాగేశాను. నా భయం చూసి అది నవ్వింది. దానికి ఆయన తెలియదు.

రామచంద్రపురం వైపు ఒక చిన్న పట్టణంలో, మంచినీళ్ల సరఫరా చూసే ఇంజనీరుగా నేను ఉద్యోగంలో చేరినప్పుడు మూర్తిగారు నా పై అధికారి. మనిషి మరీ మెత్తన. ఎవరు కష్టం చెప్పుకున్నా కాదనలేరు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి కోసి తీసిన పాత పైపు ముక్క లోపల నా చేత వేలు పెట్టించారు. వేలికి జిగురు అంటుకుంది.

“ఇందులోనే బాక్టీరియా కాపురం పెడుతుందమ్మా. నీళ్లు కదలకుండా ఉంటే ఇంకా పేరుకుంటుంది. ఒక్కసారిగా జోరు పెంచామంటే ఊడొచ్చి బిందెలో పడుతుంది,” అన్నారు.

అందుకే వేసవిలో గోదావరి కాలువలకు నీళ్లు కట్టేసి, చెరువులో నిలవ చేసిన నీళ్లు కాసేపే వదిలే రోజుల్లో కూడా, ప్రతి వీధి చివరా వాల్వు తీయించి పైపులు కడిగించేవారు. ఆ నీళ్లు మురిక్కాలువలోకి పోతుంటే జనానికి కడుపు రగిలిపోయేది. ఆ ఏడు ఎండలు మరీ ముదిరాయి. మూర్తిగారు ఎప్పుడు అటు వెళ్లినా మజ్జిగ ఇవ్వకుండా పంపని చివరి వీధి వీరమ్మగారు వాల్వు దగ్గర ఖాళీ బిందెతో కూర్చుని, తాగడానికి లేక మేము అల్లాడుతుంటే పారబోస్తారేంటండి అని అడిగారు. మూర్తిగారు ఆ వీధిలో కడగడం ఆపించేశారు. నేను వద్దన్నాను. పాపం, ఈ ఒక్క వేసవికేలే అమ్మా అన్నారు.

కాలువలు వదిలిన రోజు ఆయన సంబరం చూడాలి. చివరి వీధికీ నీళ్లు ధారాళంగా అందాలని వాల్వు పూర్తిగా తిప్పించారు. ఆ జోరుకు వేసవంతా పేరుకున్నదంతా ఊడింది. రంగు మారిన నీళ్లు చూసి ఆ వీధివాళ్లు, గోదావరి కొత్త నీరు ఎర్రగానే ఉంటుందిలే అనుకుని, బట్టలో వడగట్టుకుని తాగేశారు. మర్నాటికి వీధంతా వాంతులు, విరేచనాలు. వీరమ్మగారి మనవరాలు బతుకుతుందో లేదో తెలియని స్థితిలో ఆసుపత్రిలో చేరింది. మూర్తిగారు వెళ్లి చేతులు జోడించి నిలబడ్డారు. ఆవిడ తిట్టలేదు.

“మీరు మంచోరని నమ్మి తాగామండి,” అన్నారు, అంతే.

పిల్ల కోలుకుని ఇంటికి వచ్చింది. చాలాకాలం ఆ వీధివాళ్లు క్యాన్ నీళ్లే కొనుక్కున్నారు. మూర్తిగారు మళ్లీ అటువైపు వెళ్లలేకపోయారు. రిటైరై రాజమండ్రిలో మంచాన పడ్డాక చూడ్డానికి వెళ్తే, ఆ మాటే ఎత్తారు.

“ఆ వేసవిలో ఆవిడ చేత తిట్లు తినాల్సిందమ్మా. మంచివాణ్ణనిపించుకోవాలని చూశాను.”

అంత మంచి మనిషి ఆ బరువుతోనే పోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగా అనిపిస్తుంది. కానీ ఆయన అన్నది నిజం. ఇప్పుడు ఎంత ఎండాకాలమైనా నేనే దగ్గరుండి పైపులు కడిగిస్తాను. జాలి లేని మనిషినని చివరి వీధివాళ్లు ముఖం మీదే అంటారు. అందరికన్నా గట్టిగా తిట్టేది వీరమ్మగారి మనవరాలు. తిట్టనిస్తాను.